ఆకలి కోటు

రోస్విటాకి అన్నిటికన్నా ఎక్కువ భయం ఒక్కటే: తన కూతురు గెజీనేని ఎవరో తీసుకుపోయి, వేరే ఊళ్ళో, వేరే ఇంట్లో, వేరే పేరు పెట్టి పెంచుతారని, కొన్నాళ్ళకి ఆ పేరుకే పిల్ల తిరిగి చూస్తుందని. జబ్బు భయం ఉంది, ట్రాము కింద పడుతుందన్న భయం ఉంది, అవి అందరు తల్లులకీ ఉండేవే. వాటికి దేవుడికి చెప్పుకోవచ్చు, పక్కింటావిడ దగ్గర కూర్చుని ఏడవొచ్చు. ఈ భయం మాత్రం పైకి చెప్పేది కాదు. చెబితే, నీకెందుకమ్మా అలాంటి భయం, నువ్వేం చేశావని, అంటారు. ఏమీ చెయ్యలేదు. కోటు కుట్టింది, అంతే. కోటు కుట్టడం కూడా తప్పేనా? తప్పేనేమో. ఈ ఊళ్ళో ఏది తప్పో అది చేశాకే తెలుస్తుంది.

శుక్రవారం సాయంత్రం, మార్చి నెల, లైప్‌జిగ్ మీద బొగ్గు పొగ తడి గుడ్డలా పరుచుకుని ఉంది. శిశుగృహం మెట్ల దగ్గర నిలబడి ఉంది ఆమె. సోమవారం తెల్లారకముందే పిల్లని ఇక్కడ అప్పజెప్పడం, శుక్రవారం షిఫ్టు దిగాక వచ్చి తీసుకెళ్ళడం, నూలు మిల్లులో పనిచేసే ఆడవాళ్ళంతా చేసేదే. ఇందాక గంట నొక్కితే ఎప్పటిలాగే ట్రౌడెల్ పిన్ని తలుపు తీసింది. పిల్లలందరూ ఆవిణ్ణి పిన్ని అంటారు, వాళ్ళని చూసి తల్లులకీ అదే పిలుపు అలవాటైంది. ఒక చేత్తో పిల్లనీ ఇంకో చేత్తో బట్టల సంచీనీ పట్టుకుని, "ఇదిగో నీ రాకాసి, తీసుకుపో, నా నడుం విరగ్గొట్టింది," అంటూ వచ్చే మనిషి ఇవాళ రెండు చేతులూ ఏప్రన్‌కి తుడుచుకుంటూ వచ్చింది. తడి లేని చేతులు. తడి లేని చేతుల్ని ఎందుకు తుడుచుకుంటారు ఎవరైనా? "కాస్త ఆగమ్మా. మేడమ్ మాట్లాడతారట," అంది, రోస్విటా మొహంలోకి కాక గేటు కేసి చూస్తూ. తలుపు వేసేసింది. ఎప్పుడూ ఓరగా వదిలే తలుపు, గడియ పడ్డ చప్పుడు కూడా వినిపించింది. ఆ చప్పుడు దగ్గరే రోస్విటా ఆగిపోయి ఉంది, కాళ్ళు మెట్టు మీద, మనసు మాత్రం ఎక్కడెక్కడికో.

మేడమ్ అంటే క్నోబ్లోఖ్ మేడమ్, ఈ ఇంటికి పెద్ద. ఆవిడ తల్లులతో మాట్లాడేది ఏడాదికి ఒకటో రెండో సార్లు, అదీ పేలు పడ్డప్పుడో, దుప్పట్లకి చందా అడగాల్సి వచ్చినప్పుడో. పేలేమో. అవును, పేలే అయి ఉంటాయి. పోయినసారి హార్ట్‌విగ్ వాళ్ళ కుర్రాడికి పడితే గుండు గీసి పంపారు, వాళ్ళమ్మ వీధంతా వినబడేలా తిట్టుకుంటూ పోయింది. గెజీనేకి గుండు గీసినా పర్వాలేదు, జుట్టు మళ్ళీ వస్తుంది. తండ్రి జుట్టు, గడ్డిలాంటి జుట్టు, దువ్వెన పళ్ళు విరగాల్సిందే. శుక్రవారం తీసుకెళ్ళేటప్పుడు ఆ జుట్టు నించి ఇంటి వాసన రాదు, ఇక్కడి సబ్బు వాసన వస్తుంది, ఉడికించిన పాల వాసన వస్తుంది. ఇంటికెళ్ళే దారి పొడుగునా పిల్ల ఆమె కేసి ఎక్కడో చూసిన మనిషిని చూసినట్టు చూస్తుంది. శనివారం మధ్యాహ్నానికి గానీ ఒళ్ళోకి రాదు. ఆదివారం అంతా వదలదు. సోమవారం ఈ మెట్ల మీద గొంతు చించుకుని ఏడుస్తుంది, ఆ ఏడుపు వింటే ఎంత హాయో. సిగ్గు లేకుండా అనుకుంటుంది రోస్విటా, ఏడవ్వే తల్లీ, ఏడిస్తేనే కదా నేనెవరో నీకు గుర్తున్నట్టు.

వేరే తల్లులు వస్తున్నారు, గంట నొక్కుతున్నారు, తలుపు తీస్తున్నది ఎవరో కొత్త అమ్మాయి, పిల్లల్ని ఎత్తుకుని పోతున్నారు. ఎవరినీ ఆగమనడం లేదు. "ఏం రోస్విటా, లోపలికి పోవా?" అని మిల్లులో పక్క మగ్గం మార్లీస్ అడిగింది, తన కొడుకు చెవులు టోపీలోకి దూరుస్తూ. "మా ఆయన కోసం," అంది రోస్విటా. "ఆహా, ఆ గర్భిణీ మనిషి కోసమా! ఎన్నో నెల ఇప్పుడు?" అని పకపకా నవ్వుకుంటూ పోయింది మార్లీస్. ఆ నవ్వు వీధి మలుపు దాకా వినిపించింది. మామూలు రోజయితే రోస్విటా కూడా నవ్వేదే. పోయినేడు ఇదే మార్చిలో మార్లీస్ ఎకార్ట్‌ని ట్రాములో చూసింది, పెద్ద నల్ల కోటులో, రెండు చేతులూ పొట్ట కింద పెట్టుకుని, సీటు ఖాళీగా ఉన్నా కూర్చోకుండా. ఎందుకు కూర్చోలేదో మార్లీస్‌కి తెలియదు. రోస్విటాకి తెలుసు. కూర్చుంటే వీపు మీద చర్చి చరిత్ర గుచ్చుకుంటుంది.

ఎకార్ట్ ఇంకా రాలేదేం? సంత నించి నేరుగా ఇక్కడికే వస్తానన్నాడు, పిల్లని భుజాల మీదికి ఎత్తుకునేది అతనే కదా. పుస్తకాల సంత. ఏటా ఈ వారం ఊరు కొత్త చొక్కా తొడుక్కున్నట్టుంటుంది. ఎప్పుడూ కనపడని నారింజలు దుకాణాల్లో కనపడతాయి. సరిహద్దు అవతలి పడమటి జర్మనీ నించి ప్రచురణకర్తలు వచ్చి తెల్లటి అరల నిండా పుస్తకాలు పెట్టుకుని కూర్చుంటారు. మన దేశ చరిత్ర మీద, మన చర్చిల మీద, మన కవుల మీద, మనవాళ్ళు ఎలా బతికారు ఎలా బతుకుతున్నారు అన్న దాని మీద, అంతా మన భాషలోనే. చూడొచ్చు, తియ్యొచ్చు, నిలబడి ఎంతసేపైనా చదవొచ్చు, కొనడానికి మాత్రం వీల్లేదు, ఇక్కడి సర్కారు ఒప్పుకోదు. అందుకని ఊరు ఊరంతా నిలబడే చదువుతుంది, ఒంటికాలి మీద కొంగల్లా. అరచేతిలో ఇరికించుకున్న చీటీ మీద పెన్సిల్ ముక్కతో పేజీలకి పేజీలు ఎక్కించుకునే వాళ్ళు కొందరు. ఒకరు పై సగం, ఇంకొకరు కింది సగం కంఠస్థం చేసి, బయటికొచ్చి గబగబా రాసుకునే జంటలు కొందరు. ఇంకా కొందరు పెద్ద కోట్లు వేసుకుని పోతారు. అరల వెనక కూర్చున్నవాళ్ళు అలాంటి కోటు వస్తే కిటికీ వైపు తిరిగి, బయట వాన పడుతోందా అని చూస్తారట. ఎకార్ట్ చెప్పాడు. చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

ఎకార్ట్ వేసుకునే కోటు ఆమె నాన్నది. నాన్న చర్చిలో ఆర్గన్ వాయించేవాడు, చలికాలం ఆ రాతి మేడ మీద వేళ్ళు కొంకర్లు పోతాయని ఇద్దరు మనుషులు పట్టేంత కోటు కుట్టించుకున్నాడు. ఊరి నడిబొడ్డున ఆ పాత చర్చిని మందు పెట్టి పేల్చేసిన రోజున నాన్న ఆ కోటే వేసుకుని నిలబడ్డాడు, అది మే నెలాఖరైనా సరే. దుమ్ము అణిగాక ఇంటికొచ్చి కోటు మేకుకి తగిలించాడు, మళ్ళీ ఏ చర్చిలోనూ ఆర్గన్ ముందు కూర్చోలేదు. ఆయన పోయాక దాన్ని దులిపితే ఇంకా తెల్లటి పొడి రాలింది. మన పుస్తకాల్లో ఆ చర్చి ఊసే లేదు, కొత్తగా అచ్చేసిన ఊరి పటంలో ఆ చోట గడ్డి పచ్చగా ఉంది. అవతలివాళ్ళ ఏదో పుస్తకంలో దాని బొమ్మ ఉందని, నిండు పేజీ బొమ్మ, ఆర్గన్ కూడా కనిపిస్తుందని, నిరుడు సంతలో ఎవరో ఎకార్ట్‌కి చెప్పారు. "మీ నాన్న కూర్చున్న బల్ల కనబడుతుందట రోస్సీ," అన్నాడు. "తెస్తాను చూడు." వద్దని ఎందుకు అనలేదు? అనొచ్చుగా. నోరుందిగా. అనలేదు. ఆ బల్ల చూడాలనిపించింది.

దానికి తోడు గర్వం ఒకటి ఏడ్చింది కదా. పద్నాలుగేళ్ళప్పుడు క్లాసు మొత్తం వేదికెక్కి, దేశానికి కట్టుబడి ఉంటామని ప్రతిజ్ఞ చేసి, పువ్వులు పుచ్చుకుంటే, ఆర్గన్ వాయించే ఆయన కూతురని రోస్విటా ఒక్కతే చర్చిలో మోకరిల్లింది. ఆ మరుసటి వారం టీచరు పిలిచి, "పై చదువుకి నీ పేరు పంపలేదమ్మా, నూలు మిల్లులో మంచి పని ఉంది," అంది, అదేదో పెళ్ళి సంబంధం చెప్పినట్టు. టీచరు కావాలనుకున్న పిల్ల. ఇప్పటికీ అచ్చు పేజీ చూస్తే కళ్ళు గునుస్తాయి, వాక్యం చివరికొచ్చేసరికి మొదలు జారిపోతుంది. ఎకార్ట్ అలా కాదు. మత శాస్త్రం చదువుతూ ఏదో కాగితం మీద సంతకం పెట్టనన్నందుకు తరిమేస్తే, ఇప్పుడు ఆసుపత్రి బాయిలర్ గదిలో బొగ్గు వేస్తూ, ఆ మంట వెలుగులోనే చదువుతాడు. గురువారాలు పాస్టర్ గారి నేలమాళిగలో కొందరు చేరతారు, సంతలో దొరికింది చదువుకుంటారు, కాపీలు టైపు చేసుకుంటారు, సమాజం సమాజం అని వాదించుకుంటారు. రోస్విటా మూల కూర్చుని మేజోళ్ళు అల్లేది. ఎవరూ తక్కువ చేసి చూడలేదు, పాపం, మాటిమాటికీ "టీ ఇంకా ఉందా అమ్మా?" అని ఎంతో మర్యాదగా అడిగేవారు. ఒకసారి ఎకార్ట్ చొక్కాలోంచి పుస్తకం జారి సంత మెట్ల మీద పడబోయిందని తెలిసి, వీళ్ళకి చదవడం వచ్చు గానీ మొయ్యడం రాదు అనుకుని, నాన్న కోటు దించి కత్తెర పట్టుకుంది.

ఎంత బాగా కుట్టింది! అస్తరు లోపల, కుట్టు వెంబడి ఏటవాలుగా జేబులు, పైనించి చూస్తే ముడతలే అనుకోవాలి. కవిత్వం పల్చగా ఉంటుంది, చంక కింద దాక్కుంటుంది. చర్చి చరిత్రలు ఇటుకల్లాంటివి, వాటికి వీపే గతి, పైగా భుజాల మీది నించి పట్టీ వెయ్యాలి. సమాజ శాస్త్రం అటూ ఇటూ కాని సైజు, ఎక్కడ పెట్టినా నడుస్తుంటే తొడకి కొట్టుకుంటుంది. పుస్తకాలు చదవలేని మనిషికి పుస్తకాల ఒళ్ళు తెలిసిపోయింది. నేలమాళిగలో ఆ కోటు విప్పి చూపించినప్పుడు చప్పట్లు కొట్టారు అందరూ. పాస్టర్ గారు లేచి ఆమె చెయ్యి పట్టుకుని ఊపారు. ఆ రోజు టీ ఎవరూ అడగలేదు. ఆ ఒక్క సాయంత్రం కోసం, ఆ చప్పట్ల కోసం... చాలు. ఆపు. ఎందుకీ లెక్కలు ఇప్పుడు? పేలే. పేలే అయి ఉంటాయి.

పేలు కాదు. లోపలెక్కడో ఆమెకి ముందే తెలుసు. మెట్టు మీద నిలబడ్డప్పటినించీ ఆ ఆదివారం పక్కనే నిలబడి చెయ్యి పట్టుకు లాగుతూ ఉంది, చూడు చూడు అంటూ. పోయిన ఆదివారమే. బంగాళదుంప ఉండలు తిన్నాక బల్ల తుడిచి కోటు పరిచి, వదులైన జేబొకటి బిగిస్తోంది. గెజీనే బల్ల కిందనించి పాక్కుంటూ వచ్చి, ఆ చీలికలోకి మోచెయ్యి దాకా దూర్చి, "అమ్మా, ఇది నోరా?" అంది. ఇంకా మూడు నిండలేదు, మాటలు ఇప్పుడిప్పుడే పూసలు గుచ్చినట్టు వస్తున్నాయి. ఈ ఊళ్ళో పిల్లలకి దయచేసి, థాంక్స్ నేర్పేటప్పుడే, ఇది ఇంట్లో మాట, బయట అనకూడదు అని కూడా నేర్పుతారు. కానీ అది నాలుగైదేళ్ళొచ్చాక. ఇంత గుడ్డుకి ఏం నేర్పుతాం? రహస్యం అని చెబితే రహస్యం అంటే ఏమిటని అడుగుతుంది. అందుకని నవ్వుతూ, "అవునే, నోరే. కోటుకి ఆకలేస్తుంది," అంది రోస్విటా. "ఏం తింటుంది?" "పుస్తకాలు తింటుంది." పిల్ల కళ్ళు ఇంతయ్యాయి. పరిగెత్తి రొట్టె అంచు తెచ్చి జేబులో కుక్కింది, కోటు తినలేదు. బాతు బొమ్మల పుస్తకం తెచ్చి పెట్టింది, చటుక్కున మాయమైంది. ఎకార్ట్ ఆ కోటు తొడుక్కుని ఎలుగుబంటిలా బల్ల చుట్టూ తిరుగుతూ, "ఇంకా ఆకలి! ఇంకా ఆకలి!" అని గుర్రు గుర్రుమన్నాడు. ముగ్గురూ నేల మీద పడి దొర్లి నవ్వారు. అంత నవ్వు ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. మర్నాడు సోమవారం, ట్రాములో కూడా పిల్ల ఏడవలేదు, "కోటు బువ్వ తిందా?" అని అడుగుతూనే ఉంది, రోస్విటా నిద్రమత్తులో "తిందమ్మా, తింది," అంటూనే ఉంది. అదీ ఆమె చేసిన పని. రహస్యమే చెప్పి ఉంటే పిల్ల అర్థం కాక మర్చిపోయేది. కథ చెప్పింది. కథని ఏ పిల్ల మర్చిపోతుంది? ఎవరికి చెప్పకుండా ఉంటుంది?

తలుపు తెరుచుకుంది. క్నోబ్లోఖ్ మేడమ్ స్వయంగా వచ్చింది, బూడిద రంగు స్వెట్టరు, మెడలో కళ్ళద్దాల గొలుసు, మంచి మొహం. ఎంత మంచి మొహమో. పేల గురించి చెప్పే మొహం కాదది.

"అయ్యో హెంచెల్ గారూ, చలిలో నిలబెట్టేశాం. ఏమీ అనుకోకండి."

"పిల్లేదండీ?"

"కంగారేం లేదు. నిన్నటినించి ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది, ఎర్రగా దద్దుర్లు. అంటుజ్వరం. పై గదిలో విడిగా పడుకోబెట్టాం. తగ్గేదాకా ఇంటికి పంపడానికి లేదు, రూల్స్ మీకు తెలియనివి కావు."

"నిన్నటినించా? మిల్లుకి ఒక్క కబురైనా చెయ్యలేదేమండీ?"

"మీరు మగ్గం దగ్గర ఉంటారు, గాభరా పెట్టడమెందుకని."

"ఒక్కసారి చూస్తానండీ. దగ్గరికి పోను. తలుపు అద్దంలోంచి, అంతే."

"నిద్రపోతోందమ్మా. నిద్రపోయే పిల్లని ఎవరైనా లేపుతారా?" నవ్వింది. తర్వాత తలుపు మూయబోతూ, ఏదో గుర్తొచ్చినట్టు, "చాలా చురుకైన పిల్లండీ మీది. ఎన్ని కథలు చెబుతుందో! మా వాళ్ళు పనులు మానుకుని వింటారు."

"ఏం కథలండీ?"

"పిల్లల కథలే. ఎవరు నేర్పుతారో గానీ, భలే నేర్పారు." ఆ మాట మీదే తలుపు మూసుకుంది.

ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ రోస్విటా కళ్ళు ఆవిడ భుజం మీదుగా లోపలి గోడ కేసే ఉన్నాయి. అక్కడ కొక్కేల వరస, చదవడం రాని పిల్లలు కదా, ఒక్కో కొక్కేనికి ఒక్కో బొమ్మ. ఓడ, బెర్రీ పండు, ఉడత. గెజీనేది ఎర్ర పుట్టగొడుగు, తెల్ల చుక్కలది. దాని కింద చిన్న గూడు, సోమవారం విప్పిన బయటి బూట్లు శుక్రవారం దాకా అందులోనే ఉంటాయి, లోపల పిల్లలు గుడ్డ చెప్పులతో తిరుగుతారు. పుట్టగొడుగు కొక్కెం ఖాళీగా ఉంది. గూడు ఖాళీగా ఉంది. నీలం కోటు లేదు, బూట్లు లేవు. జ్వరంతో పడుకున్న పిల్లకి బయటి బూట్లెందుకు? ఉతికారేమో. అంటుజ్వరం కదా, కోటు కూడా ఉతకాలి కదా, మందు నీళ్ళలో ముంచుతారు, అవును, మునుపెప్పుడో ఎవరికో అలాగే చేశారు. తోలు బూట్లని ముంచుతారా? ముంచరు. తుడుస్తారు. తుడిచి ఎండలో పెడతారు. ఎండేది? మార్చిలో లైప్‌జిగ్‌లో ఎండేది? పొయ్యి దగ్గర పెట్టి ఉంటారు. పొయ్యి దగ్గర పెడితే తోలు పగులుతుందని ట్రౌడెల్ పిన్నికి తెలియదా? అలా బూట్లని పట్టుకుని వేలాడుతోంది ఆమె మనసు, వదిలితే కింద ఏముందో తెలుసు కాబట్టి వదలకుండా, తోలు, లేసులు, ఎడమ దాని మడమ అరిగి ఉంటుంది, పిల్ల ఎడమ కాలు ఈడుస్తూ నడుస్తుంది, మందు నీళ్ళు, ఎండ, పొయ్యి.

"రోస్సీ!" ఎకార్ట్ పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. ఉత్త స్వెట్టరుతో, ఆ చలిలో, మెడ నరాలు తేలి, నోట్లోంచి ఆవిరి కక్కుతూ. "గెజీనే ఏది?"

"ముందు కోటేదో చెప్పు."

"పోతే పోయింది. నేనొచ్చాను, అదే పదివేలు. పద, పిల్లని తీసుకుని..."

"కోటేది ఎకార్ట్?"

అతను వంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. "తీసుకున్నారు. ఇద్దరు. పోలీసులే, మామూలు బట్టల్లో."

"ఏ పుస్తకం తీశావు?"

"ఏదీ తియ్యలేదు. నీ మీద ఒట్టు, పిల్ల మీద ఒట్టు."

"పిల్ల మీద ఒట్టెయ్యకు!"

ఆ అరుపుకి గేటు దాటుతున్న ఒకావిడ వెనక్కి తిరిగి చూసింది. ఎకార్ట్ గొంతు తగ్గించాడు. "నిజంగానే ఏమీ తియ్యలేదు. చర్చి బొమ్మ దొరికింది, మీ నాన్న బల్ల చూస్తున్నాను. నా చుట్టూ ఎంత మంది, సంచుల్లో కుక్కేసుకుంటున్న వాళ్ళు కూడా. వాళ్ళ జోలికి పోలేదు. నా సంచీ కూడా ముట్టుకోలేదు. తిన్నగా నా దగ్గరికే వచ్చి, ఒకడు భుజం మీద చెయ్యేసి, చిన్ననాటి స్నేహితుడిలా, 'ఏం హెంచెల్ గారూ, మీ కోటుకి ఇవాళ ఆకలిగా లేదా?' అన్నాడు."

ట్రాము ఒకటి చక్రాలు కీచుమంటూ మలుపు తిరిగింది, దాని దీపాలు ఎకార్ట్ మొహం మీదుగా జారి పోయాయి. ఇంకా అర్థం కాలేదు ఇతనికి. ఇన్ని పుస్తకాలు చదివాడు, చరిత్ర అంతా నోటికి చెబుతాడు, ఇంత పరిగెత్తుకొచ్చాడు, ఆ మాట ఎక్కడినించి అక్కడికి చేరిందో ఇంకా అర్థం కాలేదు. అర్థం కానీ కాసేపు. ఆ కాసేపు అతన్నలా ఉండనిద్దాం. "తరవాత?" అంది రోస్విటా.

"లోపల చెయ్యి పెట్టి జేబులన్నీ తడిమాడు. 'అయ్యో పాపం, ఇంకా ఏమీ తిననే లేదు,' అని నవ్వాడు. కోటు విప్పించుకున్నారు, నన్ను పొమ్మన్నారు. పేరు కూడా అడగలేదు. అదృష్టం కాదూ? వదిలేశారు రోస్సీ!"

వదిలేశారు. వదలక ఏం చేస్తారు, పిల్ల వాళ్ళ చేతిలో ఉండగా ఇతన్ని కూర్చోబెట్టి తిండి పెట్టడమెందుకు, కాపలా ఎందుకు? రేపు రమ్మంటే రేపు వెళ్తాడు. నేలమాళిగలో ఎవరెవరు కూర్చుంటారో చెప్పమంటే, ఎవరు టైపు చేస్తారో చెప్పమంటే... పాస్టర్ గారి చెయ్యి వెచ్చగా ఉండేది. రోస్విటాకి ఆ చెయ్యి గుర్తొచ్చింది. అయినా చెబుతుంది, అడగ్గానే చెబుతుంది, అడక్కముందే చెబుతుంది, వాళ్ళ పేర్లూ, వాళ్ళ పిల్లల పేర్లూ, కూర్చునే కుర్చీలతో సహా. తనకీ ఆ సంగతి ఇప్పుడే తెలిసింది, ఈ మెట్టు మీద, ఇంత తేలిగ్గా. "పిల్లకి జ్వరమట," అంది. "పై గదిలో పడుకోబెట్టారట. కొక్కేనికి కోటు లేదు. బూట్లు లేవు." ఎకార్ట్ మొహం అప్పుడు మారింది. నెమ్మదిగా, కింది నించి పైకి, ముందు గడ్డం, తరవాత నోరు, అన్నిటికన్నా ఆఖర్న కళ్ళు.

గంట నొక్కారు. వేలు పెట్టి తీయకుండా నొక్కారు. లోపల దీపాలు ఒకదాని తరవాత ఒకటి ఆరాయి, తలుపు తియ్యలేదు. పక్క సందులోంచి ట్రౌడెల్ పిన్ని సైకిలు నడిపించుకుంటూ బయటికొచ్చింది, తలకి రుమాలు గట్టిగా బిగించుకుని. రోస్విటా హ్యాండిల్ పట్టుకుంది. "పిన్నీ, ఒక్క మాట. ఉందా లేదా, అదొక్కటే."

"వదులమ్మా."

"తల ఊపు చాలు. నోటితో చెప్పకు."

"నన్నడక్కు తల్లీ, నాకూ పిల్లలున్నారు," అంది ట్రౌడెల్ పిన్ని. రోస్విటా వేళ్ళని ఒక్కొక్కటిగా హ్యాండిల్ మీది నించి విడదీసి, సైకిలెక్కి, దీపం కూడా వేసుకోకుండా వెళ్ళిపోయింది.

వెనక వైపు బట్టలారేసే దొడ్డి. కంచె పట్టుకుని ఇద్దరూ నిలబడ్డారు. పై అంతస్తు చివర ఒక కిటికీ, అదే జబ్బు పిల్లల గది, తెర వేసి ఉంది, వెలుగు లేదు. నిద్రపోయే పిల్లకి దీపమెందుకు అని ఎకార్ట్ అన్నాడు. అవును, ఎందుకు, అని రోస్విటా అంది. ఎంతసేపు అలా ఉన్నారో, యూనిఫారం మనిషి ఒకతను వచ్చి, మర్యాదగానే, "ఇది అంటుజ్వరం ఇల్లు, ఇక్కడ నిలబడకూడదు. మళ్ళీ కంచె దగ్గర కనిపిస్తే పిల్లకే మంచిది కాదు," అన్నాడు. పిల్లకే, అన్నాడు.

అందుకే మీకు చెప్పడం. వాళ్ళు ఆ వీధిలో అడుగు పెట్టడానికి లేదు, మీకేం, మీరు ఆ పిల్లకి తల్లీ కాదు తండ్రీ కాదు, ఆ దారిన పోతే మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. ట్రాము దిగి ఎడమ చేతి వైపు, దుప్పట్లు ఆరేసిన దొడ్డి వెనక, పై అంతస్తులో చివరి కిటికీ. పగటి పూట అయితే ఇంకా మంచిది, తెరకీ చట్రానికీ మధ్య జానెడు సందుంటుంది. పిల్ల బోర్లా పడుకుంటుంది, పిర్రలు పైకి పెట్టుకుని, దుప్పటి తన్నేస్తుంది. ఎత్తుకోనక్కర్లేదు, పలకరించనక్కర్లేదు. ఆ మంచంలో ఎవరైనా ఉన్నారో లేదో, అది ఒక్కటి చూసి చెప్పండి.